ఆ గళ్ళు మురికి కాదు

1981లో కువైట్‌లో, ఫింటాస్‌లోని ఒక ఫ్రేముల షాపులో టచింగ్ పనికి చేరాను. పాత ఫోటోల మీద మరకలు, గీతలు కనపడకుండా సన్న కుంచెతో రంగు వేయడమే టచింగ్. మూడు నెలలు పని చూసి, నచ్చితేనే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండేందుకు పర్మిట్, కొట్టిస్తామన్నారు. అది లేకపోతే ఇంటికే. నేను చదివింది ఐదో తరగతి, రాయడం ఇదే మొదలు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మూడో నెలలో ఒక కువైటీ మేడమ్, బడిలో బొమ్మలు నేర్పే టీచరు, ఆరు ఫోటోలు తెచ్చింది. వందేళ్ళ కిందట తీసినవట. ఇటలీలో పాతకాలపు చిత్రకారులు గోడల మీద దేవుళ్ళ కథలు వేసే ముందు కాగితం మీద గీసుకున్న బొమ్మలకు తీసిన ఫోటోలు. రెక్కల గుర్రాలు, మబ్బుల మీద దేవతలు. శుభ్రం చేసి ఫ్రేము కట్టమని చెప్పి వెళ్ళింది.

బొమ్మలన్నిటి మీదా నిలువుగా, అడ్డంగా గీతలున్నాయి. మా మేస్త్రీ ఖాదర్ భాయ్‌ది హైదరాబాదు. "ఏందిరా ఇది, దేవుళ్లను జైల్ల పెట్టినట్టున్నది! గీతలన్ని కొట్టెయ్. గురువారం వస్తది మేడమ్. యల్లా, జల్ది!" అన్నాడు.

తడి దూదితో ఒక మూల అద్దాను. గీత పోలేదు. అది ఫోటో మీద పడింది కాదు, అసలు బొమ్మ మీదే గీసింది. సరే, రంగుతో మూసేద్దామని కుంచె ముంచాక చూశాను, గళ్ళన్నీ సమానం. రాజంపేటలో సినిమా బ్యానర్లు వేసినప్పుడు మేమూ ఇదే చేసేవాళ్ళం. చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, పెద్ద గుడ్డ మీద అన్నే గళ్ళు గీసి, ఒక్కో గడి చూసి నింపడం. హీరో ముక్కు వంకర పోకుండా ఉండేది దానివల్లే. కుంచె కడిగేశాను.

"బాయ్, ఇది మురికి కాదు. గోడ మీదికి పెంచేదానికి కొట్టుకున్న గళ్ళు. నేను చెరపను."

"నీకెట్ల ఎరుక? ఇటలీ పోయొచ్చినవా?"

"లేదు బాయ్, రాజంపేటలో బ్యానర్లు ఏసినా."

"మేడమ్ గుస్సా అయితే నీ ఇఖామా ఖలాస్. నన్నడగకు మళ్ల."

గురువారం మేడమ్ రాగానే, ఇతను గీతలు చెరపనన్నాడని ఖాదర్ భాయ్ అరబ్బీలో చెప్పేశాడు. ఎందుకని ఆమె నన్ను అడిగింది. చెప్పేంత అరబ్బీ నాకు రాదు. ఒక అట్టముక్క మీద చిన్న గళ్ళు, పక్కన పెద్ద గళ్ళు గీసి, రెండింట్లోనూ ఖాదర్ భాయ్ ముక్కు వేశాను. మేడమ్ పకపకా నవ్వింది. పిల్లలకు చూపించాలనుకున్నది ఆ గళ్ళనేనట. పోతూ పోతూ ఆ అట్టముక్కకూ ఫ్రేము కట్టమంది. తన ముక్కుకు తనే ఫ్రేము కట్టాడు ఖాదర్ భాయ్.

ఆ నెలలోనే ఇఖామా వచ్చింది. ఆ తర్వాత పని మానేదాకా, చెరపమని ఎవరేది తెచ్చినా, అదెవరు గీశారో, ఎందుకు గీశారో అడిగాకే కుంచె తడిపాను.