నాయన గీయని ఇల్లు

ఆ రోజుల్లో మా క్వార్టర్ల లైనులో ఎవరింట్లో ఏం మాట్లాడుకున్నా పక్కింటికి వినిపించేది. మా నాయన మాట్లాడితే మాత్రం వెనక లైనుకు కూడా వినిపించేది. కొత్తగూడెంలో బొగ్గుబాయిలో కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు పని ఆయనది (మా వైపు గనిని బాయి అంటారు, మొదటిసారి విన్నవాళ్లు నీళ్లు తోడే పని అనుకుంటారు). భూమి లోపల మిషన్ల చప్పుడు మీద నలుగురికీ వినపడేలా అరిచి అరిచి, పైకి వచ్చాక కూడా ఆ గొంతు దిగేది కాదు. అన్నం ముందు కూర్చుని "ఉప్పు అందుకో" అన్నా, కప్పు కూలుతోంది పరిగెత్తండి అన్నట్టే ఉండేది. ఇప్పుడు తలచుకుంటే నవ్వు ముందుగా వస్తుంది. దాని వెనకే ఇంకోటి వస్తుంది. అందుకే ఈ సంగతి ఎప్పుడు చెప్పబోయినా సగంలో ఆపేస్తుంటాను. ఈసారి చివరిదాకా చెబుతాను.

ఒక ఎండాకాలం నాయనకు కళ్లు తిరిగితే దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరమ్మ బీపీ చూసి, మళ్లీ చూసి, "రోజూ కాసేపు నిమ్మళంగ ఉండే పని ఏదన్న పెట్టుకోవాలె. పొద్దున వాకింగ్ పోండి" అంది. "బాయిల నడిచేదే నడుస్తున్న మేడమ్, మల్ల పైన గూడ నడవాల్నా?" అన్నాడు నాయన. "పాటలు వినండి." "చెవుల్ల ఎప్పుడూ గుయ్యిమంటనే ఉంటది." "పోనీ, బొమ్మలు గీస్తరా?" దీనికి నాయన ఇంకో సాకు వెతుక్కోబోయాడు. అది దొరికేలోపే ఆమె మాత్రల కింద 'రోజూ ఒక బొమ్మ' అని రాసేసింది. నేనప్పుడు బీఈడీ ముగించి, టీచరు పోస్టులు పడతాయని ఎదురు చూస్తున్నాను (ఎదురుచూడడం కూడా ఒక పనే అని నేను నమ్మేవాణ్ణి, నాయన నమ్మేవాడు కాదు). కాబట్టి డ్రాయింగ్ పుస్తకం, పెన్సిళ్లు కొనుక్కొచ్చే పని నా మీద పడింది.

మొదటి బొమ్మ సొరకాయ. నాయన దాన్ని బల్ల మీద నిలబెట్టి, ఒక కన్ను మూసి, స్కేలు పెట్టి కొలిచి గీయడం మొదలుపెట్టాడు. అవతల అమ్మ కత్తిపీట వేసుకుని కూర్చుంది. "ఏమయ్యా, దాన్ని కొయ్యనిస్తవా లేదా? పొద్దు గూకుతున్నది." "ఆగు! ఇంక తొడిమె గియ్యలే!" ఆ పూట పచ్చిపులుసుతో తిన్నాం. మర్నాడు పక్కింటి కోడి. అది గింజలు ఏరుకుంటూ అటు తిరిగేసరికి నాయన బాయిలో అరిచినట్టు "కదలకు!" అన్నాడు. కోడి గోడ దూకి పోయింది. కొన్నాళ్లకు పక్కింటి అక్క వచ్చి, "అన్నా, మా కోడి గుడ్లు పెట్టుడు బంద్ జేసింది. అసలు దాన్ని నువ్వు ఏమన్నవ్?" అని నిలదీసింది. చివరికి, పారిపోవడానికి ఉద్యోగం కూడా లేని నేనొక్కణ్ణే మిగిలాను. రోజూ సాయంత్రం స్టూలు మీద కూర్చోవడం, ఈగ వాలినా తోలుకోకపోవడం, ముక్కు వంకరగా వస్తే అది నా ముక్కు తప్పేనని ఒప్పుకోవడం. "గీ నిమ్మళం మన కొంపకు వద్దు, ఎనకటి లెక్కనే అరువమను" అని అమ్మ నాతో మొరపెట్టుకునేది.

నాయన స్నేహితుడు టైలర్ చాచా ఒకరోజు ముచ్చటపడి తన బొమ్మ గీయించుకున్నాడు. చూసుకుని, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "గిదేంది భాయ్, ఠాణాల గోడకు అతికిచ్చే ఫోటో లెక్క గీసినవ్?" అన్నాడు. అయినా మనిషి మంచివాడు కనుక దాన్ని తీసుకుపోయి దుకాణంలో మిషను పైన అంటించాడు. అది చూసినవాళ్లంతా గొంతు తగ్గించి, "పాపం, మీ అబ్బాజాన్ ఎప్పుడు పోయిండు?" అని పరామర్శించడం మొదలుపెట్టారు. అది తన బొమ్మేనని చెప్పీ చెప్పీ విసిగిపోయిన చాచా, "చాన రోజులాయె" అని ఒప్పేసుకునేవాడట.

ఇలా మేమంతా నవ్వుకుంటూ ఉండగానే నాయన మారిపోయాడు. ఎప్పుడు మారాడో ఎవరం గమనించలేదు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, పుస్తకం తీసుకుని మెట్టు మీద కూర్చునేవాడు. "దారిల ఇప్పచెట్టు మొత్తం చిగురు ఏసిందిరా, ఎర్రగ. గిన్నేండ్ల సంది గదే దారిల పోతున్న గాని చూడనే లేదు" అని ఒకసారి నాతో అన్నాడు. గొంతు ఎంత మెల్లగా ఉందంటే, నాతోనేనా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

వానలు ఇంకా మొదలవలేదు. ఒక ఆదివారం "గోదారి గీద్దాం, రా" అన్నాడు. బీపీ వచ్చినప్పటి నుంచి అమ్మ ఆయన్ని ఒంటరిగా బస్సెక్కనిచ్చేది కాదు, అందుకని నేను తోడు. భద్రాచలం దాటి, నది వెంట కిందికి పోయే పల్లెవెలుగు బస్సెక్కి, కిటికీలోంచి చూసి నచ్చిన చోట దిగిపోయాం. ఒడ్డు మీద చిన్న ఊరు. నాయన నదినీ, పైన ఉన్న ఇళ్లనూ గీస్తుంటే తువ్వాలు భుజాన వేసుకుని ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొందరు.

"సర్వే సార్లా?"

"కాదు. ఊకెనే బొమ్మ గీస్తున్న."

"మొన్న వచ్చినోళ్లు గూడ గట్లనే ఊకెనే వచ్చినం అన్నరు సారూ."

దిగువన ఎక్కడో డ్యాం కడతారనీ, ఊళ్లు మునుగుతాయనీ ఆ చుట్టుపక్కలంతా అప్పుడు అదే మాట. మేం బాయి మనుషులమనీ, ఇది డాక్టరమ్మ రాసిన మందు అనీ నేను ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు (చెబుతుంటే నాకే నమ్మకం కలగలేదు). తువ్వాలు ఆయన వంగి, కాగితం మీద నది ఒడ్డుగా గీసిన గీతను వేలితో చూపించాడు. "సారూ, గీ గీత జెర కిందికి జరుపురాదు. మా ఇల్లు మునకల నుంచి బయటపడతది."

నాయన అరుస్తాడనుకున్నాను. ఆయన ఆ మనిషి ముఖంలోకి కాసేపు చూసి, రబ్బరు తీసి, ఆ గీతను చెరిపి, కిందికి జరిపి గీశాడు. "ఇగ చూడు. చాలా?" అన్నాడు. దాంతో అందరికీ తమ ఇల్లు కావాలి. నాయన ఒక్కో ఇంటి ముందు గొంతుకూర్చుని గీయడం, కాగితం చింపి చేతికివ్వడం. నేనేమో ఆకలితో, బస్సు పోతుందేమోనన్న బెంగతో "నాయనా, జల్దీ" అని వెనక నుంచి గొణుగుతున్నాను. చివరి ఇంటి దగ్గర ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. కోయ భాషలో ఏదో అంది. ఆమె కోడలు నవ్వుతూ తెలుగులో చెప్పింది. "వద్దంటున్నది సారూ. గోడలు పెచ్చులూడి ఉన్నయి, అలకలే. గిట్ల ఉన్నప్పుడు గియ్యొద్దట. ఎర్రమట్టి తెచ్చి అలుకుతదట, వచ్చే ఆయితారం రమ్మంటున్నది." నాయన పెద్దగా నవ్వాడు. "అవ్, గదే మంచిది. అలికినంకనే గీద్దాం. వచ్చే వారం వస్తమని చెప్పు" అన్నాడు. బస్సులో దారంతా ఆ ముసలమ్మ మాటే.

వచ్చే ఆదివారం మా కాలనీ గ్రౌండులో క్రికెట్ ఫైనల్. నేను లేకపోతే ఎట్లా అన్నాను. (నేను పదకొండు మందిలో లేను. మా జట్టుకు పన్నెండో ఆటగాణ్ణి, అంటే నీళ్లు మోసేవాణ్ణి. ఆ సంగతి నాయనకు చెప్పలేదు.) "ఒక్క వారం ఆగు నాయనా." పుస్తకం, పెన్సిలు సంచిలో సర్దుకుని కూర్చున్న నాయన, "సరే తియ్" అని చెప్పులు విప్పాడు. ఆ పై వారం వానలు పట్టుకున్నాయి, వాగులు పొంగి అటు బస్సులు ఆగిపోయాయి. తర్వాత నాయనకు ఆదివారం డ్యూటీలు. తర్వాత నాకు బోనకల్ అవతల ఒక బడిలో ఉద్యోగం. సెలవులకు ఇంటికొస్తే, నాయన బొమ్మ గీస్తూ గీస్తూ తల ఎత్తకుండానే అనేవాడు, "ఆ ముసలమ్మ అలికి పెట్టుకొని చూసి ఉంటదిరా." నేను "ఈసారి పోదాం" అనేవాణ్ణి. అలా అనడం నాకు బాగా అలవాటైపోయింది.

చివరికి నేను మోటర్ సైకిల్ కొన్నాక నాయన్ని వెనక కూర్చోబెట్టుకుని పోయాను. ఊరు ఇంకా అక్కడే ఉంది. ముసలమ్మే లేదు. కోడలు నాయన్ని గుర్తుపట్టి మంచం వాల్చింది. "మా అత్త ఆ వారం అలికింది సారూ, ముగ్గు గూడ ఏసింది. రాలేదని మల్ల వారం వానల్నే మల్ల అలికింది" అంది మామూలుగా, ఎవరినీ ఏమీ అనకుండా. నాయన ఆ గోడల వంక చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు గీస్తావా అని నేను అడిగితే తల అడ్డంగా ఊపాడు. తిరుగుదారిలో నన్ను ఒక్క మాట అనలేదు. నోటికొచ్చినట్టు తిట్టినా బాగుండుననిపించింది. ఎనకటి నాయనే అయ్యుంటే ఆ ఆదివారం నన్ను చెవి పట్టుకుని, లైను లైనంతా వినపడేలా తిడుతూ బస్సెక్కించేవాడు. మేమందరం కలిసి ఆయనకు నిమ్మళం నేర్పాం. ఆయన నేర్చుకున్నాడు, "సరే తియ్" అన్నాడు.

తెల్ల ప్యాంటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, బౌండరీ పక్కన బిందె ముందు పెట్టుకుని ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొద్దంతా అలాగే కూర్చున్నాడు పాపం. ఆ రోజు మబ్బు పట్టి చల్లగా ఉండడంతో, మా వాళ్లలో ఒక్కరికీ దాహం కూడా వేయలేదు.