సౌండు తగ్గించని దస్తగిరి

దస్తగిరికి గిటారు సౌండు పెంచుడే తెల్సు, తగ్గించుడు తెల్వదు. ఆంప్లిఫయరు మీద పది దాక అంకెలుంటె, ఎవలన్న తొమ్మిది మీద పెట్టుమంటె తన ఇజ్జత్ తీసినట్టు కొట్లాడెటోడు. ఆ మనిషి చేతుల మూడు బ్యాండ్లు పోయినయి. ఆ మూడింట్ల డ్రమ్ములు కొట్టినోడు ఏసోబు. పోయినప్పుడల్లా రోడ్డున పడ్డది గూడ ఏసోబే.

దస్తగిరిది నందికొండ. నాయిన సాగర్ డ్యాం మీద గేట్లు ఎత్తెటోడు. ఎనభై మూడుల ఎవలో ఫారినాయన లాంచీల మర్చిపోయిన క్యాసెట్టు ఒకటి దస్తగిరికి దొరికింది. దాని మీద 'పంక్' అని రాసుంది. అండ్ల పాడెటోడు పాడలే, గొంతు చించుకున్నడు. గిటారు మోగలే, ఉరిమింది. దస్తగిరి ఆ క్యాసెట్టు అరిగేదాంక ఇని, "సంగీతమంటె గిదే" అని తేల్చిండు.

"మరి మిగతాయన్ని ఏంది?" అనడిగిండు ఏసోబు.

"జోలపాటలు."

ఏసోబుది మునుగోడు దిక్కు పల్లె. చర్చిల డ్రమ్ము కొట్టికొట్టి చెయ్యి తిరిగినోడు. వాళ్ళూరి బోరింగు నీళ్ళల్ల ఫ్లోరైడు. నడీడు రాకముందే మనుషులు వంగిపోయెటోళ్ళు. ఏసోబుకు ముప్పై నిండకముందే కుడి మణికట్టు బిగుసుకపోవట్టింది. ఎవ్వలికి చెప్పలే. పట్టీ కట్టుకోని, దాని మీదికి అంగి చెయ్యి గుంజుకోని వాయించెటోడు. తనకేం కాలేదని తనకు తానే రోజు చెప్పుకునెటోడు.

మొదటి బ్యాండు నల్లగొండల లచ్చయ్యది. ఎనభై ఎనిమిదిల ఒక పెండ్లి. అప్పగింతలకు అందరిని ఏడిపించె పాట ఎత్తుకున్నరు. నడుమల దస్తగిరి గిటారు ఒక్కపారి ఉరిమింది. ఏడుస్తున్న పెండ్లిపిల్ల ఉలిక్కిపడి ఏడుపు మర్చిపోయింది. పెండ్లికొడుకు తాత చెవిమిషను తీసి జేబుల ఏసుకున్నడు.

"జర తగ్గియ్యరాదు!" లచ్చయ్య మొత్తుకున్నడు.

"తగ్గిస్తె గిటారు ఎందుకు? దువ్వెన వాయిస్త."

తెల్లారి లచ్చయ్య ఇద్దర్ని పొమ్మన్నడు. "గీ సౌండుతోని మాకు పెండ్లిళ్ళు దొరకయి" అన్నడు.

"మోగింది నువ్వు. నన్నెందుకు తీసేసిండ్రా?" ఏసోబుకు కడుపు మండింది.

"దోస్తానా నాతోని గద" అని పండ్లికిలించిండు దస్తగిరి.

రెండోది మహబూబ్‌నగర్ బ్యాండు. జడ్చర్లల గణపతి పందిరి కాడ మంగళహారతి పాట మంచిగ నడుస్తుండంగ మల్ల అదే ఉరుము. పూజారి చేతిల హారతిపళ్ళెం జారి పడ్డది.

"నా దెబ్బ నాకే వినొస్తలేదు గదరా!" ఏసోబు ఒర్రిండు.

"వినకు. కొట్టు."

ఆ బ్యాండూ పోయింది. మూడోది పోచంపల్లిల. పొద్దంత మగ్గాల చప్పుడు నడుమ బతికే ఊరు గూడ దస్తగిరి గిటారుకు చెవులు మూసుకున్నది.

తొంభై నాలుగుల పోచంపల్లి బస్టాండుల ఏసోబు పగిలిండు. "నా బతుకు నీ గిటారు కింద పడి నలిగిపోయింది. ఇగ నువ్వో దిక్కు, నేనో దిక్కు."

దస్తగిరి గిటారు సంకకేసుకోని నందికొండ బస్సెక్కిండు.

ఏసోబు సీదా లచ్చయ్య దగ్గెరికి పోయిండు. "గాణ్ణి ఇడిసిపెట్టిన. ఇగ నీకు ఫికర్ లేదు, నన్ను తీసుకో."

లచ్చయ్య అదోలెక్క చూసిండు గని కాదనలే. ప్రాక్టీసుల పాట మొదలైంది. గిటారు లేదు. ఆరేండ్లకు ఏసోబుకు తన దెబ్బ తనకు వినొచ్చింది.

మెల్లగ ఉన్నంతసేపు బాగనే ఉంది. పాట ఉరుకంగనే చెయ్యి ఎనుకపడ్డది. ఒక దెబ్బ ఆలిశంగ పడ్డది. ఇంకోటి పడనే లేదు. పాడే పిల్ల ఆగి కిందికి చూసింది. మిగతోళ్ళు వాయించుడు ఆపి చూపు తిప్పుకున్నరు. తిట్టినా బాగుండు అనిపించింది ఏసోబుకు.

లచ్చయ్య పక్కన కూసున్నడు. "ఆ పొద్దు తీసేద్దామనుకున్నది నిన్నొక్కణ్ణేర ఏసోబు. దస్తగిరి నా చెయ్యి పట్టుకున్నడు. 'నన్ను గూడ తీసెయ్యి. నా సౌండు వల్లనే పోయిందని చెప్పు, వాని చెయ్యి ముచ్చట ఎత్తకు' అన్నడు. మిగతా బ్యాండ్లల్ల గూడ గట్లనే చెప్పిండంట."

ఏసోబుకు అప్పగింతల పాట యాదికొచ్చింది, హారతి పాట యాదికొచ్చింది. తన చెయ్యి పట్టేసిన కాడనే గిటారు ఉరిమింది. తాను తిట్టిన తిట్లన్ని ఒక్కొక్కటి తిరిగొచ్చి తనకే తగిలినయి.

మర్నాడు పొద్దున చిన్న డ్రమ్ము సంకల పెట్టుకోని నందికొండల దిగిండు. దస్తగిరి వాకిట్ల కూసోని తెగిన తీగె మారుస్తున్నడు. ఏసోబు డ్రమ్ము ఆయన ముంగట పడేసిండు.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తె డ్రమ్ము ఇడిసిపెడ్తవ్. ఇంట్ల కూసోని ఏం జేస్తవ్? నన్ను తిడ్తవ్. ఎట్లన్న తిట్టేటోనివే, వాయించుకుంట తిట్టు అనుకున్న."

"నాకోసం మూడు బ్యాండ్లు పోగొట్టుకుంటివి."

"నేను మంచిగ వాయిస్తనని నీకెవలు చెప్పిన్రు? తీగెల మీద నాకొచ్చిన పట్లు మూడే. నువ్వు లేకున్నా తీసేసెటోళ్ళే."

నవ్వద్దనుకున్నడు గని ఏసోబుకు నవ్వొచ్చింది. డ్రమ్ము దగ్గెరికి గుంజుకున్నడు. పుల్ల అందుకుంటుంటె మణికట్టు కలుక్కుమన్నది. ఈసారి దాచలే.

"మెల్లగ వాయించు. ఎక్కడ తప్పుతున్ననో నాకు వినాలె."

దస్తగిరి ఎన్నడు లేంది మెల్లగ వాయించిండు. ఏసోబు దెబ్బ ఆలిశమైన కాడ తీగె మీద చెయ్యి ఆపి ఎదురుచూసిండు. దెబ్బ పడ్డంక ముంగటికి పోయిండు. పాట కుంటుకుంట నడిచింది గని నడిచింది.

దస్తగిరి అమ్మ అజీజా బేగం రొట్టెపిండి చేతులతోని బయటికొచ్చి, గడపల నిలవడి పాటంత విన్నది.

"ఇన్నేండ్ల సంది గింత అధ్వానంగ వాయిస్తున్నరా మీరు?" అన్నది. "సౌండు పెంచు బేటా. గదే నయముండె."

ఏసోబు పండ్లు కొరికిండు. "పెంచుర, పెంచు. పెద్దమ్మ చెప్పినంక ఇంకేంది!"