ముద్ర పడని తీర్మానం

సర్పంచ్ ముద్ర ఐదేళ్లు నా చొక్కా జేబులోనే ఉంది. సర్పంచ్ మాత్రం నేను కాదు, నా భార్య. గార్ల మండలంలో మా తండా కొత్తగా పంచాయతీ అయినప్పుడు ఆ పదవి ఆడవాళ్లకు వచ్చింది. ఆమెను నిలబెట్టాను, తండా గెలిపించింది. ఆ తర్వాత మీటింగులకు పోయింది నేను, మెడలో దండలు వేయించుకుంది నేను. జనం నన్నే సర్పంచ్ సాబ్ అనేవారు. అందులో తప్పుందని నాకు ఒక్కరోజూ తోచలేదు.

ఆమె తనంతట తాను అడిగిన పని ఒక్కటే. తండాలో బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుండా ఇంట్లోనే సీసాలు అమ్మే కొట్టు, మూయించాలి. ఆమె తమ్ముడు జనగామ పత్తి మార్కెట్లో హమాలీ. బస్తాలు మోసినన్నాళ్లు మనిషి బాగానే ఉన్నాడు. నడుము దెబ్బతిని ఇంటికి వచ్చాక ఆ కొట్టు అతని గడపకు ఇరవై అడుగుల దూరంలోనే ఉంది. గ్రామసభ నాడు పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకొని వచ్చి, ఆడవాళ్ల వెనక నిలబడ్డాడు.

"అక్కా, జర గది బంద్ చేపియ్యి. తెరిసుంటె నా కాళ్లు ఆగుతలేవు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లందరూ చేతులెత్తారు. ఎక్సైజు ఆఫీసుకు పంపాల్సిన తీర్మానం మీద నా భార్య సంతకం చేసింది. ఆ కింద సభకు వచ్చినవాళ్లంతా సంతకాలో వేలిముద్రలో వేశారు. ఇక ముద్ర వేసి పంపడమే మిగిలింది. కాగితం నా చేతికి వచ్చింది.

ఆ కొట్టు మా చిన్నాయన కొడుకుది. ఎన్నికల్లో ఎండనక వాననక మా కోసం తిరిగినవాడు. అందుకని నేను కాదనలేదు, ఔననలేదు. కాగితం తీసుకుపోయి ఇనప్పెట్టెలో పెట్టాను. ఆమె అడిగినప్పుడల్లా చూద్దాం, తొందరేముంది అన్నాను. అట్లా అంటూనే పదవీకాలం గడిపేశాను.

గడువు ముగిసింది, ఎన్నికలు రాలేదు. ప్రభుత్వం మా పంచాయతీకి ఒక స్పెషల్ ఆఫీసర్‌ను వేసింది. ముద్ర ఇమ్మంటే జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన ముద్రనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. కొన్నాళ్లకు నా భార్య పెట్టె తెరిచి, ఆ కాగితం పట్టుకొని, ఒక్కతే ఆయన దగ్గరకు పోయింది.

"ఇప్పుడు పాలకవర్గం లేదు కదమ్మా. కొత్తోళ్లు వచ్చినంక మళ్ల తీర్మానం చేసుకోవాలె," అన్నాడట.

నేను మండిపడ్డాను. ఒక్క ఓటు పడని మనిషికి మా తండా మీద పెత్తనమేమిటని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాను. ఆ వానాకాలమే మా బావమరిది కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి, మహబూబాబాద్ దవాఖానలో పోయాడు.

నెల తర్వాత నేనూ నా భార్యా అక్కడికే పోయి అతని మరణ ధ్రువపత్రం తెచ్చుకున్నాం. గార్లలో రైలు దిగి హోటల్లో చాయ్ తాగుతుంటే టీవీలో వార్త వచ్చింది. ఏదో రాష్ట్రంలో అసెంబ్లీ పాస్ చేసిన బిల్లులు గవర్నర్ దగ్గర నెలల తరబడి ఆగిపోయాయట. నాకు నోరు ఊరుకోలేదు.

"నచ్చకుంటె తిప్పి పంపాలె. జనం గెలిపించినోళ్లు చేసినదాన్ని, ఓటు పడని మనిషి సప్పుడు చెయ్యకుండ దగ్గర పెట్టుకునుడేంది?" అన్నాను. పక్క బెంచీ వాళ్లు తలలూపారు. నాకు ఇంకా ఊపు వచ్చింది.

ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. నా భార్య ఈ మాట మాత్రం తెలుగులో అన్నది, అక్కడున్న అందరికీ అర్థం కావాలనే.

"నీకెన్ని ఓట్లు పడ్డయి?"

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆమె పత్రాన్ని మడిచి కొంగున ముడేసుకొని ఆటో వైపు నడిచింది. బెంచీ మీద వాళ్లు టీవీ చూస్తున్నట్టు కూర్చున్నారు.

గవర్నర్‌కు రాజ్యాంగంలో ఒక చోటుంది. స్పెషల్ ఆఫీసర్ చేతిలో ఆర్డర్ కాగితముంది. నాకేముంది, మొగుణ్నన్న ధీమా తప్ప?

కొట్టు ఇంకా నడుస్తూనే ఉంది. తీర్మానం కాగితం మళ్లీ ఆ పెట్టెలోకే చేరింది. మొన్న ఏదో వెతుకుతుంటే చేతికి తగిలి, మొదటిసారి అంతా చదివాను. ముద్ర పడాల్సిన చోటు ఖాళీగా ఉంది. నా భార్య సంతకం కింద, ఆడవాళ్ల వేలిముద్రలన్నిటికంటే ముందు, మొదటి సంతకం బావమరిదిది.