ధ్యానం చేసేదానివి, నీకు కోపమేంటి?

యాభయ్యో ఏట నాకు బీపీ ఉందని తేలింది. డాక్టరు మాత్ర రాసిచ్చి, టెన్షన్ తీసుకోవద్దన్నాడు. పక్కన కూర్చున్న మా ఆయన నవ్వి, "ఈవిడ టెన్షన్ తీసుకోదు డాక్టర్ సాబ్, అందరికీ ఇస్తుంది" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నా నోటికి అప్పట్లో అంత పేరుండేది.

మేముండేది హిందీవాళ్ల ఊళ్లో, రుఆబాంధా అనే కాలనీలో, ఉక్కు ప్లాంటు క్వార్టర్లో. మా ఆయనకి రోలింగ్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఆయన తిండి, నిద్ర వారానికో రకంగా మారేవి. వాటితోపాటు ఇల్లంతా మారాలి. అమ్మాయి ఒక పిలుపుకి పలికే రకం కాదు. అరిస్తే తప్ప పనులయ్యేవి కావు, అందుకని అరిచేదాన్ని. మధ్యాహ్నం కాలనీ పిల్లలకి ట్యూషన్లు చెప్పేదాన్ని కాబట్టి గొంతు బాగా అలవాటు పడిపోయింది కూడా.

కాలనీ హాల్లో ధ్యానం క్లాసు పెట్టారని విని వెళ్లాను. చెప్పేది విజయనగరం వైపు పెద్దాయన, ప్లాంటులో ఆఫీసరుగా చేసి రిటైరైనవాడు. "ఊపిరి చూడండమ్మా, మార్చొద్దు. ఏదైనా శబ్దం వినిపిస్తే శబ్దం అనుకుని వదిలీండి. కోపం వస్తే కోపం అనుకోండి, దాని వెనకాల పరిగెత్తకండి" అనేవాడు. రోజూ పొద్దున్న ఐదింటికి లేచి, ఫోన్లో ముప్పావుగంట టైమర్ పెట్టుకుని, చిన్న గదిలో తలుపేసుకుని కూర్చోడం మొదలెట్టాను. మొదటి నెలంతా మోకాళ్ల నొప్పి, నిన్నటి గొడవలు. వాటిల్లో నేను అనాల్సిన మాటలు, అనలేకపోయిన మాటలు.

అబద్ధం చెప్పను, మూడు నెలలకి పని చేసింది. కోపం రావడానికీ నోరు తెరవడానికీ మధ్య చిన్న సందు ఏర్పడింది. తడి తువ్వాలు మంచం మీద కనిపిస్తే తీసి ఆరేసేదాన్ని, అంతే. డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడు. "మమ్మీ, తుమ్ కిత్నీ స్వీట్ హో గయీ!" అని అమ్మాయి నా బుగ్గ గిల్లింది. మా ఆయన మిల్లులో అందరికీ చెప్పుకున్నాడు. ఇంట్లో అందరూ సుఖపడ్డారు. వాళ్ల సుఖం చూసి నేను సుఖపడ్డాను.

అప్పటికి అత్తగారు నెహ్రూ నగర్లో మా బావగారింట్లో ఉన్నారు. ఆర్నెల్లు వాళ్ల దగ్గర, ఆర్నెల్లు మా దగ్గర. ఆ ఏర్పాటు ఊరికే రాలేదు. ఎన్నో ఏళ్ల కిందట వాళ్ల హాల్లో నిలబడి నేను గొంతు చించుకుంటే వచ్చింది. ఈసారి వాళ్ల ఆర్నెల్లు మొదలైన మూడో వారంలో ఆవిడ బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ ఇక లేచి తిరగడం కష్టమన్నారు.

ఆ ఆదివారం మా తోటికోడలు వచ్చింది. సోఫాలో కూర్చుని ఇల్లంతా కలియజూసి, "మీ ఇంట్లో ఎంత శాంతిగా ఉందే! గుళ్లోకొచ్చినట్టుంది. అత్తయ్య ఇప్పుడు ఇలాంటి చోటే ఉండాలంటున్నారు మీ బావగారు" అంది.

కడుపులోంచి గొంతుదాకా వేడి పాకింది. నేర్పినట్టే దాన్ని చూశాను. కోపం, అనుకున్నాను. అది మెల్లగా దిగిపోయింది. అది దిగేలోపు మా ఆయన "అలాగే వదినా, అమ్మని తీసుకొచ్చీండి" అనేశాడు.

పద్నాలుగు నెలలు. మంచం మీదే అన్నీ. ఒళ్లు తుడవడం, పక్కకి తిప్పడం, గుడ్డలు మార్చడం, తినిపించడం. ట్యూషన్లు మానేశాను. ఆర్నెల్లు దాటాక బావగారికి ఫోన్ చేసి నెమ్మదిగా అడిగాను. "చూద్దాం అమ్మా" అన్నాడు. మళ్లీ నెమ్మదిగా అడిగాను. నెమ్మదిగా అడిగినదాన్ని మర్చిపోవడం ఎవరికైనా సులువే. ఒకసారి గొంతు కొంచెం లేచింది. "అదేటమ్మా, ధ్యానం చేసేదానివి, నీకు కోపమేంటి?" అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపడుతూ.

ఆ మాట ఇంట్లోనూ పట్టుకున్నారు. నేను దేనికైనా విసుక్కుంటే, "ఈవేళ కూర్చోలేదా?" అనేవాడు మా ఆయన. "ఆజ్ మెడిటేషన్ మిస్ కియా క్యా, మమ్మీ?" అనేది అమ్మాయి. నా కోపానికి కారణమేంటని అడిగినవాళ్లు లేరు. అది నా సాధనలో లోపం, అంతే.

అడిగింది ఒక్క అత్తగారే. పాతికేళ్లు మేమిద్దరం పోట్లాడుకున్నాం. పప్పులో ఉప్పు దగ్గర్నుంచి నా పుట్టింటివాళ్ల దాకా దేన్నీ వదల్లేదు. ఒకరోజు వీపు తుడుస్తుంటే మెడ తిప్పి నావైపు చూశారు.

"ఏటే, నోరు పడిపోనాదా నీకు?"

"ఏం లేదత్తా. అటు తిరుగు."

"ఒకప్పుడు తిట్టుకుంటా నీళ్లు పోసీదానివి. అదే బాగుండీది. నీ మనసులో ఏటుందో నాకు తెలిసీది. ఇప్పుడు శవాన్ని తుడిసినట్టు తుడుస్తన్నావు. నాకు బయమేస్తంది."

"తిట్టమంటావా?"

"తిట్టు."

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు.

రెండో చలికాలంలో ఒక పొద్దున్న, మా ఆయన ఫస్ట్ షిఫ్టుకి వెళ్లిపోయాడు. అమ్మాయి నిద్రపోతోంది. నేను చిన్న గదిలో కూర్చున్నాను. అత్తగారు "ఏమే" అని పిలిచారు. రోజూ ఆ వేళకి పిలిచేవారు. దుప్పటి జారిందని, టైమెంతైందని. శబ్దం, అనుకున్నాను. మళ్లీ పిలవలేదు. ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు మనసు ఎంత బాగా నిలిచిందో ఇప్పటికీ గుర్తు. టైమర్ మోగాక లేచి, టీ పెట్టుకుని తీసుకెళ్లాను. ఆవిడ కళ్లు తలుపువైపు తెరిచి ఉన్నాయి.

డాక్టరు వచ్చి, గుండె ఆగిందనీ, పక్కనే ఉన్నా చేయగలిగింది లేదనీ అన్నాడు. ఆ పిలుపు సంగతి ఆయనకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లంతా నన్ను చూసి ఎంత నిబ్బరం అన్నారు. పదకొండో రోజు భోజనాలయ్యాక మా తోటికోడలు చుట్టాలందరి ముందూ నా చేయి పట్టుకుని, "అదృష్టవంతురాలివే. ఆవిడకి సేవ చేసుకునే భాగ్యం నీకే దక్కింది. మాకు రాసిపెట్టి లేదు" అంది.

అప్పుడు వచ్చింది. "ఆ భాగ్యం మీ ఇంటికి పంపిస్తానని పద్నాలుగు నెలలు బతిమాలానే! ఒక్కపూటైనా వచ్చి గుడ్డ మార్చావా? కన్నకొడుకు ఎన్నిసార్లొచ్చాడో చెప్పమను!" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన భుజం పట్టుకుంటే ఆయన్నీ అన్నాను. వాకిట్లో చెప్పులేసుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. బావగారు తల దించుకున్నాడు. సిగ్గుతోనో చిరాకుతోనో తెలీదు. మా తోటికోడలు మాత్రం బయటికి నడుస్తూ, అందరికీ వినపడేలా, "ఇన్నాళ్లు ముక్కు మూసుకుని ఏం సాధించినట్టు?" అంది.

మా రెండిళ్ల మధ్యా ఇప్పుడు రాకపోకల్లేవు. దానికి కారణం నా నోరే అని మా ఆయన అభిప్రాయం. బీపీ మాత్ర మళ్లీ పూర్తిగా వేసుకుంటున్నాను.

రెండు నెలలు కూర్చోలేదు. ఐదింటికి మెలకువ మాత్రం వచ్చేసేది. చేసేదేమీ లేక మళ్లీ కూర్చోడం మొదలెట్టాను. ఊపిరి కంటే ముందు ఆ "ఏమే" వస్తుంది. పెద్దాయన చెప్పినట్టు శబ్దం అనుకుని వదలను. అది శబ్దం కాదు.

మొన్న అమ్మాయి, ఆఫీసులో టెన్షన్ ఎక్కువైంది, నాకూ నేర్పు మమ్మీ అని పక్కన చేరింది. నేర్పలేదు. ఆ పొద్దుటి సంగతి చెప్పాను. మొదటిసారి ఒకరికి చెప్పడం. తను నా చేతి మీద చేయి వేసి, "లేకిన్ మమ్మీ, డాక్టర్ చెప్పాడు కదా, ఏం చేయలేకపోయేవాళ్లమని" అంది.

"డాక్టరు చెప్పింది నాకు తెలుసమ్మా" అన్నాను.

అమ్మాయికి ఆఫీసు బస్సు టైమైంది. లంచ్ డబ్బా కట్టిచ్చాను.