పూజలో ఉండిపోయిన జాకీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో చలికాలానికి అందరికంటే ముందు సిద్ధమయ్యేది మా చిన్నాయన కారు. దుప్పట్లూ స్వెట్టర్లూ పెట్టెలోంచి బయటికి రావడం ఆ తర్వాతే. తమిళనాట మా గుడియాత్తం వైపు చలి ఒంటరిగా రాదు, అరవ నెల ఐప్పసి వానలను వెంటబెట్టుకుని వస్తుంది. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం వాన, గుంత ఏదో రోడ్డు ఏదో తెలియని దారులు.

అందుకని మొదటి మబ్బు కనబడగానే చిన్నాయన పని మొదలుపెట్టేవాడు. వైపర్లకు కొత్త రబ్బర్లు వేసేవాడు, బ్యాటరీలో నీళ్లు చూసేవాడు, స్టెప్నీకి గాలి కొట్టించేవాడు. చాలామంది మరిచిపోయేది ఆ స్టెప్నీనే అని ప్రతిసారీ నాకు చెప్పేవాడు. డిక్కీలో జాకీ, వీల్ స్పానర్, నైలాన్ తాడు, టార్చిలైటు, టైరు బురదలో దిగబడితే కింద వెయ్యడానికి ఒక గోనెపట్టా ఉండేవి. ఏ వస్తువు ఎందుకో నేను అడగడం, ఆయన ఓపికగా చెప్పడం. యంత్రాల మీద నాకు ఇష్టం పుట్టింది ఆ డిక్కీ దగ్గరే అనుకుంటాను.

ఒక ఏడు ఆయుధపూజ, వానలు కలిసి వచ్చాయి. పూజకని కొడవళ్లు, పారలు, మోటారు విప్పే స్పానర్లు, నా పుస్తకాలు అన్నీ పూజగదిలో చేరాయి. చిన్నాయన జాకీని, వీల్ స్పానర్‌ను కిరసనాయిలుతో తుడిచి, గంధం పూసి, కుంకుమ బొట్లు పెట్టి వాటి పక్కనే ఉంచాడు. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ఎవరూ తాకరు. మర్నాడు మళ్లీ పూజ చేసి, హారతి ఇచ్చాకే తీస్తారు. పుస్తకాలు కూడా ముట్టుకోకూడదు కాబట్టి పిల్లలకు అంతకంటే మంచి పండుగ లేదు.

ఆ మధ్యాహ్నం మా అవ్వకు ఆయాసం వచ్చింది. చలిగాలి తగిలితే ఆమెకు అది మామూలే, కానీ ఈసారి మందుకు లొంగలేదు. వీధి చివరి డాక్టరు సూది వేసి, ఆక్సిజన్ పెట్టాలి, ఆలస్యం చేయకుండా వేలూరు తీసుకుపొమ్మన్నాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అందుకే నన్నూ కార్లో ఎక్కించారు.

వాన కురుస్తూనే ఉంది. దారిలో పల్లికొండ ఊరు ఇంకా రాకముందే కారు ఒక పక్కకు లాగింది. చిన్నాయన దిగి చూశాడు. వెనక టైరు నేలకు అతుక్కుపోయింది. డిక్కీ తెరిచాడు. స్టెప్నీ నిండుగా గాలితో ఉంది. తాడు ఉంది, టార్చి ఉంది, గోనెపట్టా ఉంది. ఆయన వాటిని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. జాకీ, స్పానర్ ఎక్కడున్నాయో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

దారిన పోయే బండిని ఆపుదామంటే లారీలన్నీ ఆ రోజు దండలు వేసుకుని షెడ్లలో విశ్రాంతిగా ఉన్నాయి. వచ్చిన ఒక్క కారు మా మీద నీళ్లు చిమ్మి వెళ్లిపోయింది. వెనక సీట్లో అవ్వ ముందుకు వంగి, ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, ఒక్కొక్క ఊపిరినీ బావిలోంచి తోడుతున్నట్టు తోడుకుంటోంది.

వాన తెర వెనక, నాలుగడుగుల ముందే ఒక పంచరు అంగడి కనబడింది. గుమ్మానికి రెండు అరటి పిలకలు, గాలి కొట్టే మిషనుకు పెద్ద బంతిపూల దండ. లోపల పలక మీద స్పానర్లు, టైరు లివర్లు, జాకీ బొట్లు పెట్టుకుని వరుసగా కూర్చున్నాయి. అంగడి మనిషి, వాళ్లమ్మ అరుగు మీద బొరుగులు తింటున్నారు. చిన్నాయన అరవంలో మొదలుపెట్టి, కంగారులో సగంలోనే తెలుగులోకి జారిపోయాడు. అదృష్టం, వాళ్లూ తెలుగువాళ్లే.

"జాకీ ఒకటి కావాలప్పా. బండిలో మా అమ్మ ఉండాది, ఊపిరాడలా."

ఆ మనిషి లేచి నిలబడ్డాడు, కానీ చెయ్యి కదల్లేదు. "ఆయుధాలు పూజలో పెట్టేసినాము గదప్పా. రేపు పొద్దున గానీ తియ్యకూడదు. మీ బండిలో జాకీ లేదా?"

"మాది కూడా పూజలోనే ఉండాది."

ముసలమ్మ నవ్వింది. "బాగుండాది! ఇద్దురూ సామికే అప్పజెప్పేసినారు. ఇంక ఆ సామే దిగొచ్చి టైరు మార్చల్ల." ఆ మాట అంటూనే కారు వైపు చూసింది. అవ్వ ఈల లాంటి ఊపిరి అక్కడికి వినబడుతోంది. ఆమె నవ్వు ఆగిపోయింది. "రేయ్, ఆయమ్మ ఊపిరి రేపు పొద్దున దాకా కాసుకోనుంటుందా? కదులు."

"అమ్మా, పూజ..."

"పూజ నేను చూసుకుంటా. నువ్వు టైరు చూడు."

లోపలికి పోయి కర్పూరం వెలిగించింది. కళ్లకద్దుకుని, ఇంటి మనిషితో మాట్లాడినట్టు అంది: "తల్లీ, కోపం చేసుకోవద్దు. పని అయిపోతానే తెచ్చి పెట్టేస్తాము." జాకీని రెండు చేతులతో ఎత్తి కొడుకు చేతిలో పెట్టింది. స్పానర్ ఆమే తెచ్చింది.

కొడుకు, చిన్నాయన వానలోనే నట్లు విప్పారు. ముసలమ్మ కార్లోకి ఎక్కి అవ్వ పక్కన కూర్చుని, తడవకుండా లోపలికి దోపుకున్న తన చీరకొంగు ఆమె ఛాతీకి చుట్టి, వీపు నిమురుతూ, "నిదానంగా వదులు తల్లీ, నిదానంగా" అంటూనే ఉంది. మధ్యలో నా గుప్పిట్లో ఇన్ని బొరుగులు పోసింది. నేను తలుపు సందులోంచి కిందికి చూశాను. జాకీ మీది కుంకుమ వానకు కరిగి, ఎర్రటి దారంలా రోడ్డు మీదికి పారుతోంది. దాని మీద కారు కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది.

వేలూరు పెద్దాసుపత్రిలో అవ్వకు ఆక్సిజన్ పెట్టారు. దీపాలు పెట్టే వేళకు ఆమె ఊపిరి తేలికపడింది. మాస్కు పక్కకు జరిపి అడిగిన మొదటి మాట, "ఆయమ్మ చీర తడిసిపోయింది గదరా, మార్చుకునిందా?"

మర్నాడు హారతి అయ్యాక చిన్నాయన పూజగదిలోంచి జాకీ, స్పానర్ తీసి డిక్కీలో పెట్టాడు. మరుసటి ఏడు వాటిని ఇంట్లోకి తేలేదు. కారు వాకిట్లో నిలిపి, డిక్కీ తెరిచి, పనిముట్లు ఎక్కడివక్కడ ఉండగానే బొట్లు పెట్టాడు. హారతి పళ్లెం ఇంట్లోంచి అక్కడికే వచ్చింది. "శాస్త్రం మారుస్తావా?" అని ఎవరో అంటే అవ్వే జవాబు చెప్పింది: "సామికి మన వాకిలి దాకా నడిచే ఓపిక ఉండాదిలే." ఆ తర్వాత అవ్వ ఎన్నో చలికాలాలు చూసింది. ప్రతి ఆయుధపూజకూ ఒక దండ, ఒక చీర, బొరుగుల మూట ఆ పంచరు అంగడికి మా ఇంటినుంచి వెళ్లేవి.

ఇప్పుడు నేను వేలూరులో ఉద్యోగం చేస్తున్నాను. చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఐప్పసి రాకముందే నా కారులో వైపర్లు, బ్యాటరీ, స్టెప్నీ చిన్నాయన వరుసలోనే చూసుకుంటాను. డిక్కీలో చిన్నాయన ఉంచినవన్నీ ఉంటాయి, ఆయుధపూజనాడు వాటికి అక్కడే బొట్లు పెడతాను. ఒక పొడి చీర కూడా ఉంటుంది. అది ఎందుకని స్నేహితులు అడిగితే, వానలో తడిసిన ఏ తల్లికైనా పనికొస్తుందంటాను. సిద్ధంగా ఉండటం అంటే వస్తువు మనకు ఉండటం కాదు, అవసరం వచ్చిన చోట ఉండటం అని చెబుతాను. అది నాకు కాలేజీ నేర్పలేదు. మా పేరు కూడా అడగని ఒక తల్లి, పూజలోంచి జాకీ ఎత్తిన చేతులతో నేర్పింది.

వానలో దూరం బయలుదేరేముందు డిక్కీ తెరిచి జాకీని ఒకసారి తాకుతాను. వేలికి కుంకుమ అంటుతుంది. తుడుచుకోకుండానే స్టీరింగ్ పట్టుకుంటాను.