నోటుబుక్కులో బాపు నంబరు

హనుమకొండలో మా ఆడపిల్లల హాస్టల్లో ఐదుగురి జట్టు ఒకటి ఉండేది. మొదటి సంవత్సరం నుంచీ కలిసి తిని, కలిసి తిరిగి, ఒకరి చున్నీ ఒకరు వేసుకునే రకం. నేను ఆ హాస్టల్లో చేరింది డిగ్రీ ఆఖరి సంవత్సరంలో. అంతకుముందు రెండేళ్లూ ములుగు నుంచి బస్సులో రోజూ వచ్చిపోయేదాన్ని. అలాంటి నన్ను, చేరి నెల తిరగకముందే, తమ జట్టులోకి రమ్మని పిలిచారు. పెళ్లి అయ్యాక శుభలేఖ పంపినట్టు, ఇప్పుడెందుకు ఈ పిలుపు? నాకు మొదట వచ్చిన ఆలోచన అదే.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. మాది ములుగులో కిరాణా దుకాణం. చింతపండు బస్తా వస్తే పైపైన చూసి ఊరుకోం, అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తాం. ఈ జట్టు అడుగున ఏముందో చూద్దామనే సరే అన్నాను. నా చేతిరాత బాగుంటుంది, రికార్డులు రాయించుకోవడానికా? లేక నవ్వుకోవడానికి ఒక మనిషి తక్కువైందా? నిజం చెప్పాలంటే, మెస్‌లో ఒక్కదాన్నే కూర్చుని తినడం నాకూ విసుగెత్తింది. ఆ మాట అప్పుడు ఎవరడిగినా ఒప్పుకునేదాన్ని కాదు.

జట్టులో చేరడానికి ఒక పద్ధతి ఉంది. వాళ్ల దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు, అందులో ఒక్కొక్కరికి ఒక పేజీ. పైన ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాయాలి. కింద, మనకేమైనా అయితే ఇంట్లో ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో రాయాలి. వాళ్లలో పెద్దదాన్ని అందరూ పెద్దక్క అనేవారు. ఆమే నాకు వెనకటి సంగతి చెప్పింది. వాళ్లు చేరిన ఏడాది హాస్టల్లో ఒకమ్మాయి జ్వరంతో పడిపోయిందట. ఎవరో ఆమె ఇంటికి ఫోన్ చేసి, ఎత్తిన నానమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశారట. ముసలామె నిలుచున్న చోటే కూలబడిందట.

"గందుకే రాసుకుంటాన్నం. నువ్వు ఫికర్ చెయ్యకు, ఊకె ఎవలం ఫోన్ చెయ్యం," అంది పెద్దక్క.

కథ బాగానే అల్లారనుకున్నాను. ఇంటి నంబరు, ఇంటివాళ్ల బలహీనతలు, అన్నీ ఒక్క పేజీలో, అదీ నా చేతిరాతతోనే! మా నాన్నను మేం బాపు అంటాం, ఆయన నన్ను హాస్టల్లో వేయడానికి ఒప్పుకోవడమే గగనమైంది. "ఒక్క మాట ఇనవడ్డదా, పుస్తకాలు సదురుకొని బస్సెక్కుడే," అని చెప్పి మరీ దింపి వెళ్లాడు. ఆయన నంబరు వీళ్లకివ్వడమంటే నా జుట్టు తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టడమే. రేపెప్పుడో మాటా మాటా వస్తుంది. అందరం ఖిలా వరంగల్ పోయి ఫొటోలు దిగిన సంగతి ఎవరో ఒకరు ఉప్పూకారం వేసి చెబుతారు. నా చదువు అటకెక్కుతుంది. అందుకని చివరి రెండంకెలు తారుమారు చేసి రాశాను. కింద, ఎవరికి ఎలా చెప్పినా పర్వాలేదని రాశాను. అందరూ చప్పట్లు కొట్టి మిర్చిబజ్జీలు తెప్పించారు. నేనూ తిన్నాను.

దసరా సెలవులకు నేను ఇంటికి పోలేదు, ప్రాజెక్టు పని ఉంది. ఆ రోజుల్లోనే అమ్మ ఫోన్ చేసి, "మీ కాలేజి పిల్లట, దుకాణంకు వచ్చి సబ్బు కొన్నది. జరసేపు కూసున్నది. బాపు సంగతి, నీ సంగతి అన్నీ అడిగింది, మంచి పిల్ల," అంది.

ఆ పిల్ల ఎవరో వెంటనే అర్థమైంది. జట్టులో అందరికన్నా చిన్నగా ఉండేదాన్ని పొట్టిది అని పిలిచేవాళ్లం. దాని మేనత్తది ములుగు అవతల ఊరు. సెలవులయ్యి అది హాస్టల్‌కు తిరిగి రాగానే అడిగాను.

"సబ్బు అయిపోయింది, దిగి కొన్న," అంది కళ్లు తిప్పుకుని.

మేనత్త ఇంట్లో సబ్బు ఉండదా? ములుగులో మాది తప్ప దుకాణమే లేదా? గట్టిగా నిలదీద్దామంటే తప్పు నంబరు సంగతి బయటపడుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే నేనే భుజాలు తడుముకోవాలి. నోరు మూసుకుని, ఫోన్ లాక్ మాత్రం మార్చాను. టీకి పిలిస్తే పోయేదాన్ని. ఇద్దరు గుసగుసలాడితే అది నా గురించేనని తేల్చుకునేదాన్ని.

చలికాలంలో ఒకరోజు పొద్దున ల్యాబులో కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాను. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది వాళ్లే. అపెండిక్స్ అన్నారు, ఆపరేషన్ చేయాలన్నారు, ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. నా ఫోన్ ల్యాబ్ బయట బ్యాగులో ఉండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, నోటుబుక్కులో నేను రాసిన అంకెలు. పెద్దక్క చెయ్యి పట్టుకుని, "నంబరు..." అన్నాను.

"చేసినం. బాపు బస్సెక్కిండు. నువ్వు సప్పుడు చెయ్యకుండ పండుకో."

నన్ను ఊరుకోబెట్టడానికి అబద్ధం చెబుతోందనుకున్నాను. ఆ నంబరుకు చేస్తే బాపు ఎలా పలుకుతాడు? ఆయన రాడు, నేను చేసిన పనికి నేనే పోతాను అనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

రెండు గంటల్లో బాపు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. చొక్కా మీద ఇంకా పిండి మరకలున్నాయి.

"ఆ సబ్బు పిల్లనే ఫోన్ చేసింది," అన్నాడు. "బాపూ, ముందుగాల కుర్చీల కూసో, మంచినీళ్లు తాగు అన్నది. తాగినంక చెప్పింది. లేకుంటే నా సంగతి నీకెరుకే గద."

ఎరుకే. తాత పోయిన కబురు నిలబడి విని, దుకాణంలో సరుకు తూచే తరాజు మీద పడ్డ మనిషి. ఆ ముచ్చట వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

కుట్లు మానుతుండగా నోటుబుక్కు అడిగి తెప్పించుకున్నాను. నా పేజీలో నేను రాసిన నంబరు కొట్టేసి ఉంది. దాని కింద పొట్టిదాని కోడిగీతలతో బాపు అసలు నంబరు. ఇంకా కింద: 'బాపును ముందు కూసోవెట్టాలె. నీళ్లు తాపాలె. అమ్మకు ఆయననే చెప్తడు.'

"తప్పని ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"నంబరు కలుస్తదో లేదో అని నువ్వు రాసిన తెల్లారే కొట్టి చూసినం. ఎవలో లారీ డ్రైవర్ ఎత్తిండు," అంది పొట్టిది. "మీ దుకాణం బోర్డు మీద నంబరు ఉంటదని దిగిన. ఊకెనే ఎట్ల నిలవడాలె? సబ్బు కొన్న."

"మరి నన్నే అడగొచ్చు కదా?"

"అడిగితే నువ్వు జట్టు ఇడిసిపెట్టి పోతవు," అంది పెద్దక్క. "పోయినంక నీకేమన్నయితే ఎవలు చూడాలె?"

"అసలు నన్నెందుకు పిలిచిండ్లే?"

"మెస్‌ల ఒక్కదానివే తింటాంటివి గద," అంది, అదేదో అడగాల్సిన విషయమే కానట్టు.

సిగ్గుతో చచ్చిపోయాను. కుట్లు లాగుతున్నా ఏడుపు ఆగలేదు.

తప్పు నంబరు ఇచ్చిన సంగతి బాపుకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు ఐదుగురికీ తెలుసు. బాపు నంబరు వాళ్ల దగ్గరుంది, ఎలా చెప్పాలో కూడా రాసుంది. ఇప్పుడు నా జుట్టు నిజంగానే వాళ్ల చేతిలో ఉంది. ఉండనీ.