ఒక్క రొట్టె కాలేలోపల

చిట్టీ, నువ్వు పోయి నెల దాటింది.

మా అమ్మాయి చిట్టికి పుట్టినప్పటి నుంచీ గుండె బలహీనమే. ఒకరోజు తెల్లవారి లేపితే లేవలేదు. మూడో తరగతి చదువుతుండేది. దాని చదువు ముచ్చట రాయమని, ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలకు పనికొస్తుందని దానికి చదువు చెప్పిన టీచరమ్మ అడిగింది. నాది రెండో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకోండి.

దానికి నడక ఆలస్యం, మాట ఆలస్యం, చదువూ ఆలస్యమే. అక్షరాలన్నీ గుర్తుపట్టేది. కానీ ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేది. చూపు కింది వరుసలోకి జారిపోయేది. ఇలాంటి పిల్లల కోసం వారానికి రెండు రోజులు జహీరాబాద్‌లో మా బడికి వచ్చే టీచరమ్మ, పాత పెళ్లిపత్రిక అట్టలో ఒక్క వరుస కనిపించేంత సందు కత్తిరించి ఇచ్చింది. ఆ సందులోంచి చూస్తూ ఒకే పేజీ రోజూ నాలుగుసార్లు పైకి చదవాలి. ఇంట్లో ఎవరో ఒకరు వినాలి.

నాకే చదువు సరిగ్గా రాదని చెప్పాను.

"వినేటందుకు చదువెందుకమ్మా? ఆగితే జర సేపు చూడు. రాకపోతే ఆ మాట చెప్పి ఊకో. తిట్టకు," అంది.

పగలంతా నేను అల్లం తోటల్లో కూలికి పోయేదాన్ని. అందుకని సాయంత్రం పొయ్యి దగ్గరే మా బడి. నేను జొన్నరొట్టెలు కొడుతుంటే అది పీట మీద కూర్చుని చదివేది. గడియారం చూసేవాళ్లు లేరు, రొట్టెలతోనే లెక్క. మొదటిరోజు ఒక పేజీ ఒక్కసారి చదివేసరికి ఆరు రొట్టెలయ్యాయి. ఒక్క రొట్టె కాలేలోపల చదువుతానని నాతో పందెం కట్టింది.

కొన్నాళ్లకు రెండు రొట్టెలకు వచ్చింది. నాకు అనుమానం పట్టుకుంది. పుస్తకం లాక్కుని, చదువుతలేవు, బట్టీ పట్టినవ్ అన్నాను. అది నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నువ్వు రోజు రొట్టెలే కొడ్తవ్ గదనే అమ్మా. నువ్వు గూడ బట్టీ పట్టినవా?"

చేతిలో పిండి అట్లాగే ఉండిపోయింది. పెళ్లైన కొత్తలో నా రొట్టెలు అంచులు పగిలేవి, మా అత్తమ్మ నవ్వేది. కొట్టగా కొట్టగానే కదా చెయ్యి తిరిగింది. పుస్తకం ఇచ్చేశాను. అది మూతి ముడుచుకుని, ఎన్నడూ చదవని పేజీ తీసి మొదలుపెట్టింది. మూడు రొట్టెలకే ముగించింది.

వానాకాలంలో ఒకరోజు కోతి, ముసలమ్మ కథ చదువుతోంది. రొట్టె పెనం మీద వేశాను. నాలుగోసారి చదవడం. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా జారలేదు. కోతి మాటలకు కోతి గొంతు, ముసలమ్మ మాటలకు మా అత్తమ్మ గొంతు. పేజీ అయిపోయింది. నేను నోరు తెరుచుకుని వింటూ రొట్టె తిప్పడమే మరిచిపోయాను.

"మాడిన రొట్టె నాదే. గెల్సింది నేను గద," అంది.

బెల్లం పెట్టుకుని ఇద్దరం ఆ రొట్టే తిన్నాం. అంత రుచి నాకు మళ్లీ తగల్లేదు.

పెళ్లిపత్రిక అట్ట ఇంకా పుస్తకంలోనే ఉంది, చిట్టి ఇంకా చదవాల్సిన పేజీ దగ్గర. అంచుల మీద పిండి అంటిన చిన్న చిన్న వేళ్ల గుర్తులు. నిన్న సాయంత్రం రొట్టెలు కొడుతూ ఆ సందు పెట్టుకుని నేనే చదివాను. పిండి అయిపోయింది, ఇంకా రెండు వరుసలు మిగిలాయి. నవ్వకు చిట్టీ, రేపు మళ్లీ అదే పేజీ.

ఇది చదివే అమ్మానాన్నలూ, మీరు మాత్రం మీ పిల్లలతో కలిసి రొట్టె చల్లారక ముందే కడుపునిండా తినండి.